రెండోసారి వచ్చిన మనిషి దొరకాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకర్థమైంది ఇదీ: మీరు నలుగురు, అనంతపురంలో బీటెక్ ఆఖరి సంవత్సరం. ఆఫ్రికాలోని మలావీలో చిన్న క్లినిక్ నడిపే ఒక స్వచ్ఛంద సంస్థ మీ మేడమ్ ద్వారా పరిచయమైంది. రోజుకు ఎనభై తొంభై మంది రోగులు, అంతా కాగితాల మీదే. రికార్డుల యాప్ చేసిపెట్టమన్నారు. చేతిలో నాలుగు నెలలు. రియాక్ట్, నోడ్, మాంగోడీబీ అనే టూల్స్‌తో కడదామనుకున్నారు. రికార్డుల్ని ఎవరూ దిద్దకుండా బ్లాక్‌చెయిన్, రోగం ముందే పసిగట్టడానికి ఏఐ కూడా పెడదామన్నారు. ఈ టూల్స్ జత, అంటే స్టాక్, సరేనా, ఏ క్లౌడ్ చవక అన్నది మీ సందేహం.

నేను కర్నూలువాణ్ణి. పదహారేళ్ళుగా ఆస్పత్రుల సాఫ్ట్‌వేరుతోనే బతుకుతున్నా, మలావీకి కూడా రెండు విడతలు వెళ్ళొచ్చాను. స్టాక్ సంగతి నాకు పెద్దగా పట్టదు. ఏ భాషలో రాసినా ఒక్క పని సరిగ్గా జరగాలి. ఒకసారి వచ్చిన మనిషి మూడు నెలల తర్వాత మళ్ళీ వస్తే, కౌంటరు దగ్గరున్న అమ్మాయి ఆ మనిషి పాత రికార్డును అర నిమిషంలో తియ్యగలగాలి. డెమో రోజు మీరు అందరికీ చూపించేది ‘కొత్త పేషెంట్’ బటన్. యాప్ బతికేదీ చచ్చేదీ ‘పాత పేషెంట్’ దగ్గర.

నా మొదటి యాప్ అక్కడే చచ్చింది. 2011లో మా జిల్లాలోనే ఒక చిన్న ఆస్పత్రికి చేసిచ్చాను. రిజిస్ట్రేషన్ స్క్రీను చూసి అందరూ మెచ్చుకున్నారు. వెతికే స్క్రీను మాత్రం చివరి రెండు రోజుల్లో హడావిడిగా రాసింది, పేరు అక్షరం పొల్లుపోకుండా కొడితేనే దొరికేది. క్యూ గేటు దాకా ఉంటే కౌంటరు కుర్రాడు ఏం చేస్తాడు? వచ్చినవాళ్ళందరికీ కొత్త నంబరు ఇచ్చేశాడు. ఎనిమిది నెలలకు చూస్తే, షుగరుకు నెలనెలా వచ్చే ఒకామెకు ఆరు నంబర్లున్నాయి. ఇది నవ్వుకునే సంగతి. నవ్వుకోలేనిది ఇంకోటుంది. పెన్సిలిన్ పడదని ఒకాయన పాత నంబరు మీద డాక్టరుగారు ఎర్రగా నమోదు చేసి పెట్టారు. ఐదారు నెలల తర్వాత ఆయన కొత్త నంబరుతో లోపలికి వెళ్ళాడు. స్క్రీను తెల్లగా ఉంది. ఇంజెక్షన్ వేసేశారు. ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి ఆడలేదు. నర్సమ్మ పక్కనే ఉండి వెంటనే అడ్రినలిన్ ఇచ్చారు కాబట్టి ఆయన తన కాళ్ళమీద ఇంటికెళ్ళాడు. కుర్రాణ్ణి అందరూ తిట్టారు. తిట్టాల్సింది నన్ను.

కాబట్టి మీ నాలుగు నెలల్లో ఒక నెల పూర్తిగా మనిషిని గుర్తుపట్టడానికే పెట్టండి. వినడానికి తేలిగ్గా ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, ఊరు, మూడు డబ్బాలు, అంతే కదా అనిపిస్తుంది.

పేరు చూద్దాం. కర్నూలు పెద్దాసుపత్రి ఓపీ దగ్గర నిలబడి ‘మద్దిలేటీ’ అని పిలవండి, నలుగురు లేస్తారు. కడప వైపు వెళ్ళి ‘ఓబులేసూ’ అనండి, అదే కథ. ఒకే ఇంట్లో పెద్ద ఓబులేసు, చిన్న ఓబులేసు ఉంటారు, ఆ ‘పెద్ద’, ‘చిన్న’ ఒకసారి రాస్తారు, ఒకసారి రాయరు. ఇంటిపేరు ఒకరు ముందు పెడతారు, ఒకరు పొడి అక్షరం చేస్తారు, ఒకరు అసలు చెప్పరు. ఇక ఇంగ్లీషు స్పెల్లింగు జోలికి వెళ్తే అంతే. జిలానీ అన్న పేరును ఒకరు జె తో, ఒకరు జెడ్ తో రాస్తారు. దీనికి ఒకేలా పలికే పేర్లను కలిపే సౌండెక్స్ ఉంది కదా అంటారు మీలో ఎవరో ఒకరు. అది 1918లో అమెరికాలో పేటెంటు అయిన పద్ధతి, అమెరికన్ ఇంటిపేర్ల కోసం పుట్టింది. మొదటి అక్షరాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, తర్వాతి హల్లులకు అంకెలిస్తుంది, అంటే ఆ ఇద్దరు జిలానీలు ఎప్పటికీ కలవరు. మలావీలో ఇంకో తంటా. చిచేవా భాషలో ల, ర ల మధ్య గీత పలచన. ఒకే పేరును ఒకరు ఎల్ తో, ఇంకొకరు ఆర్ తో రాస్తారు. సౌండెక్స్ ఎల్‌కి 4 ఇస్తుంది, ఆర్‌కి 6 ఇస్తుంది. ఆ భాష తెలిసిన మనిషిని కూర్చోబెట్టుకుని, ఏ అక్షరాలు ఒకదాని బదులు ఒకటి రాస్తారో పట్టిక రాయించుకోండి. ఒక పూట పని.

తర్వాత పుట్టిన తేదీ. మా ఊళ్ళో పిల్లాడి వయసు అడిగితే నాకు ఒకసారి వచ్చిన జవాబు: “వరదొచ్చినప్పుడు కడుపులో ఉన్నాడు సార్.” ఆవిడ తప్పేం చెప్పలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు మీదికి వచ్చింది, అంటే పిల్లాడు 2009 చివర్లోనో 2010 మొదటి సగంలోనో పుట్టాడు. అంత కచ్చితంగా చెప్పిన తల్లిని మన యాప్ తేదీ, నెల, సంవత్సరం ముక్కలు ముక్కలుగా అడిగి, ఏదో ఒకటి నింపితే గానీ ముందుకు పోనివ్వదు. అప్పుడు కౌంటరువాళ్ళు జనవరి 1 కొడతారు. నా పాత డేటాబేసులో సగం ఊరు జనవరి 1నే పుట్టింది. తేదీ పక్కన ‘ఇది అంచనా’ అని ఒక టిక్కు పెట్టే వీలివ్వండి, ‘సుమారు ఎన్ని నెలలు’ అని కూడా రాసుకోనివ్వండి. ఐదేళ్ళలోపు పిల్లలకు నెలల్లోనే వయసు కావాలి, ‘3 ఏళ్ళు’ అంటే పోషకాహార లెక్కలకు పనికిరాదు. మీ అదృష్టం, మలావీలో మన క్యాలెండరే. ఇథియోపియా ప్రాజెక్టు అయివుంటే 13 నెలల ఏడాదితో, మనకంటే ఏడెనిమిదేళ్ళు వెనకున్న సంవత్సరంతో కుస్తీ పట్టాల్సి వచ్చేది.

ఊరి సంగతి మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న ఉదయం లేచేసరికి నంద్యాల వేరే జిల్లా, పుట్టపర్తి వేరే జిల్లా, రాయచోటి వేరే జిల్లా. జిల్లా పేరును పేషెంటు వరసలోనే అక్షరాలుగా రాసుకున్న సాఫ్ట్‌వేర్లన్నీ ఆ వారం అవస్థపడ్డాయి, అందులో నాదీ ఒకటి. ఊరికి ఒక కోడు ఉండాలి, ఆ ఊరు ఏ జిల్లాలో ఉందనేది వేరే పట్టికలో ఉండాలి, ఎప్పటినుంచి అనేది కూడా. మలావీలో జిల్లా కింద ట్రెడిషనల్ అథారిటీ అని సంప్రదాయ పెద్దల ఏలుబడిలో ఉండే ప్రాంతం, దాని కింద ఊరు. డోర్ నంబర్ అడిగే డబ్బా పెట్టకండి, దాని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

మరి ఆధార్ లాంటిది వాడొచ్చుగా అని కూడా అడిగారు. మలావీలో 2017లో పెద్దయెత్తున జాతీయ గుర్తింపు కార్డులిచ్చారు, కానీ అవి 16 ఏళ్ళు నిండినవాళ్ళకి. మీ క్లినిక్‌కి వచ్చేవాళ్ళలో ఎంతమంది చంకలో పిల్లలుంటారో అడిగి చూడండి. కార్డుంటే ఆ నంబరూ రాసుకోండి, లేకపోతే పని ఆగకూడదు. మీ సొంత నంబరు ఒకటి ఇవ్వాల్సిందే.

ఆ నంబరును చెక్ డిజిట్, అంటే తప్పు కొడితే పట్టిచ్చే చివరి అంకె, లేకుండా ఇచ్చారో, నా శాపం మీకు తగులుతుంది. లెక్క చిన్నది, కాగితం మీద వేసి చూడండి. 10427 తీసుకోండి. కుడి చివరి అంకెతో మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయాలి, రెండంకెలు వస్తే వాటిని కలిపేయాలి. 7 రెట్టింపు 14, ఒకటీ నాలుగూ కలిపితే 5. పక్కనున్న 2 అలాగే. 4 రెట్టింపు 8. 0 అలాగే. 1 రెట్టింపు 2. మొత్తం 17. మొత్తం పదులకు సరిపోవాలి, ఇరవై కావాలంటే ఇంకో 3 కావాలి. ఆ 3ను చివర తగిలిస్తాం: 10427-3. ఇప్పుడు హడావిడిలో ఎవరో 10472-3 కొట్టారనుకోండి. 2 రెట్టింపు 4, 7 అలాగే, 4 రెట్టింపు 8, 0 అలాగే, 1 రెట్టింపు 2, మొత్తం 21. చివర ఉండాల్సింది 9, ఉన్నది 3. యాప్ అక్కడే ‘నంబరు తప్పు’ అంటుంది, వేరే మనిషి రికార్డు తెరుచుకోదు. ఐబీఎంలో పనిచేసిన లూన్ అనే ఇంజనీరు 1954లో పేటెంటుకు పెట్టిన పద్ధతి ఇది, క్రెడిట్ కార్డు నంబర్లు ఇప్పటికీ దీనిమీదే నడుస్తాయి. పక్కపక్కనున్న 0, 9 తారుమారైతే మాత్రం పట్టుకోలేదు. మన ఆధార్ పన్నెండో అంకె కూడా ఇలాంటి కాపలా అంకే, అది వెర్హోఫ్ అనే ఇంకో లెక్క, దానికి ఆ లోపం కూడా లేదు. నంబర్లో అక్షరాలు వాడదామనుకుంటే బి, ఐ, ఓ, క్యూ, ఎస్, జెడ్ తీసేయండి. చేతిరాతలో 8, 1, 0, 5, 2 ల్లాగా కనిపించి చంపుతాయి.

నంబరిచ్చాం సరే, మూడు నెలలు దాన్ని ఎవరు దాచాలి? మలావీలో దీనికి మంచి ఏర్పాటుంది. ప్రతి మనిషి దగ్గరా హెల్త్ పాస్‌పోర్ట్ అని చిన్న పుస్తకం ఉంటుంది. ఎక్కడికెళ్ళినా అది పట్టుకెళ్తారు, చూసినవాళ్ళు అందులో రాస్తారు. మన దగ్గర గద్వాల నుంచో రాయచూరు నుంచో కర్నూలు వచ్చే ముసలాయన క్యారీబ్యాగులో మడతలు పెట్టి తెచ్చే చీటీల కట్ట ఉంటుంది చూడండి, దాన్నే అక్కడ పుస్తకంగా కుట్టారు. కొత్తగా యాప్ చేసేవాళ్ళందరూ ముందు ఆ పుస్తకాన్ని మాన్పించాలని చూస్తారు. మాన్పించకండి. రేపు ఆ తల్లి ఇంకో జిల్లాకు వెళ్తే మీ సర్వర్ ఆమె వెంట వెళ్ళదు, పుస్తకం వెళ్తుంది. అక్కడ బావొబాబ్ అనే సంస్థ ఇరవయ్యేళ్ళ కిందటే టచ్‌స్క్రీన్లతో రికార్డులు మొదలుపెట్టింది. వాళ్ళు చేసిన తెలివైన పనేంటంటే, చిన్న లేబుల్ ప్రింటరు పెట్టి, ఆ రోజు చూసిన వివరాలను స్టిక్కరుగా తీసి పాస్‌పోర్ట్‌లో అతికించడం. బార్‌కోడూ అక్కడే. పేషెంటు పుస్తకం తెస్తే బీప్ అంటుంది, రికార్డు తెరుచుకుంటుంది. పుస్తకం మర్చిపోయి వచ్చినవాళ్ళకే పేరుతో వెతుకులాట. మీ బడ్జెట్‌లో క్లౌడుకు అనుకున్న డబ్బుతో లేబుల్ ప్రింటరు కొనండి.

ఇదంతా మీరు నా మాట మీద నమ్మొద్దు. మీ దగ్గర్లో ఉన్న పీహెచ్‌సీకి వెళ్ళి, మెడికల్ ఆఫీసరుగారి అనుమతి తీసుకుని, ఏఎన్ఎం అక్క పక్కన ఒక రోజంతా కూర్చోండి. ల్యాప్‌టాప్ తీసుకెళ్ళకండి. ఆదోని వైపు ఒక ఊళ్ళో నేనలా కూర్చున్నాను. ఆమె పెద్ద రిజిస్టరులో ఊరి పేరు మొదటి వరసలో ఒక్కసారి రాసి కింద అంతా రెండు గీతలు పెట్టుకుంటూ పోయింది. ఒక వరసకు పది పదిహేను సెకన్లు. నా ఫారంలో ఊరు ఎంచుకోవడానికే మూడు సార్లు నొక్కాలి. చూసి నవ్వింది. “నువ్వు ఆ ఫోన్లో నాలుగు పేజీలు తిప్పేలోపల నేను పుస్తకంలో ముగ్గుర్ని రాసేస్తా నాయనా.” ఇంకోటి గమనించాను. పెన్ను రాతల పక్కన, మార్జిన్లో, పెన్సిలుతో చిన్న చిన్న మాటలున్నాయి. ‘గుంటూరు పోయింది’ అని ఒక గర్భిణి పేరు పక్కన. అంటే మిరప కోతలకు వలస వెళ్ళింది, టీకా రోజున ఇంటికి తాళం ఉంటుంది, ఉగాదికి తిరిగొస్తుంది. పెన్సిలుతో ఎందుకంటే తిరిగొచ్చాక చెరిపెయ్యాలి కదా. ఆ గర్భిణి గురించి రిజిస్టరు మొత్తంలో అతి ముఖ్యమైన సమాచారం ఆ రెండు మాటలే, అందుకు అచ్చు వేసిన గడి ఏదీ లేదు. మీ యాప్‌లో ఆ పెన్సిలు మార్జిన్ ఎక్కడుంది? ప్రతి పేషెంటుకూ పైన కనిపించేలా, ఎవరైనా రాసి ఎవరైనా చెరిపేసేలా ఒక ఖాళీ గడి పెట్టండి.

అదే రోజు ఇంకో ప్రశ్న అడగండి: ఒక్క బిడ్డ బరువును ఎన్నిచోట్ల రాస్తారక్కా అని. ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెడుతుంది. మలావీ నర్సుదీ అదే బతుకు. అక్కడి ఆరోగ్యశాఖ నెలవారీ లెక్కలన్నీ డీహెచ్ఐఎస్2 అనే వ్యవస్థలోకి వెళ్తాయి. ఓస్లో విశ్వవిద్యాలయం వాళ్ళు నడిపించే సాఫ్ట్‌వేర్ అది, వ్యక్తుల రికార్డుల కంటే లెక్కల పట్టికలకే ఎక్కువ వాడతారు. ఐదేళ్ళలోపు మలేరియా కేసులెన్ని, ఆ పైన ఎన్ని, ఇలాంటివి. నెలాఖరున రిజిస్టర్లు ముందేసుకుని గీతలు గీసి లెక్కపెట్టడం నర్సుకు రెండు మూడు రోజుల చాకిరీ. మీ యాప్ ఆ పట్టికను ఒక్క బటన్‌తో, సరిగ్గా ఆ కాగితం మీదున్న వరస క్రమంలోనే ఇస్తే, రోజూ వివరాలు ఎక్కించమని ఎవరూ బతిమాలక్కర్లేదు. దీన్ని నేను నర్సుకిచ్చే లంచం అంటాను. ఈ రిపోర్టు చివర్లో చేద్దాంలే అనుకుంటారు మీరు. రెండో నెలలోనే చేయండి.

ఇప్పుడు మీకు నచ్చని మాట. మొదటినుంచీ సొంతంగా రాయకండి. ఓపెన్‌ఎంఆర్‌ఎస్ అని, ఎవరైనా ఉచితంగా వాడుకోగల రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్ ఉంది. 2004లో మొదలైంది, కెన్యాలో ఎల్డోరెట్ చుట్టుపక్కల హెచ్ఐవీ క్లినిక్‌ల అవసరం నుంచి పుట్టింది, 2006లో అక్కడే వాడకంలోకి వచ్చింది. మలావీలోనే నెనో జిల్లాలో ఏళ్ళతరబడి నడుస్తోంది. వెనక జావా భాష, మైసీక్వెల్ డేటాబేసు, ముందుభాగం ఇప్పుడు రియాక్ట్, మీకు వచ్చిందే. మన దేశంలో ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారి అనే పల్లెలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆస్పత్రి కోసం మొదలైన బాహ్మ్‌నీ అనే ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ కూడా దీనిమీద కట్టిందే, దానికి ల్యాబు, బిల్లింగు తోడయ్యాయి. ‘మరి ప్రాజెక్టులో మేం చేసిందేముంటుంది సార్’ అంటారు. పైన నేను చెప్పిన వెతుకులాట, లేబులు, నెలాఖరు పట్టిక, ఇవి చాలవా? ఎక్స్‌టర్నల్‌గా వచ్చే ఎగ్జామినర్ ఎవరైనా సరే, ఇరవయ్యేళ్ళ కోడు మీద ఒక మాడ్యూల్ పెట్టి నడిపించిన పిల్లల్ని, ఇంకో లాగిన్ పేజీ చేసిన పిల్లల కంటే ఎక్కువే గౌరవిస్తారు.

ఒకవేళ మేడమ్ ఒప్పుకోక సొంతంగానే రాయాల్సి వచ్చినా, ఓపెన్‌ఎంఆర్‌ఎస్ డేటా అమరికను మాత్రం చదివి రండి. పేషెంటు, విజిట్ (ఒకసారి రావడం), ఎన్‌కౌంటర్ (ఆ రాకలో ఒకరు చూడటం), అబ్జర్వేషన్ (అప్పుడు రాసుకున్న ఒక్కో వివరం), కాన్సెప్ట్ (ఆ వివరం దేని గురించో) అని ఐదు మాటలు. మామూలుగా మనం బీపీకి ఒక కాలమ్, షుగరుకు ఒక కాలమ్ పెట్టుకుంటూ పోతాం, మూడో నెలలో డాక్టరు ఇంకో పరీక్ష అడిగితే టేబులు మార్చాలి. ఓపెన్‌ఎంఆర్‌ఎస్‌లో ‘బరువు’ అనేది కాలమ్ కాదు, నిఘంటువులో ఒక పదం లాంటిది, దానికి ఒక అర్థం, ఒక కొలత, భాషకొక పేరు. ఎందుకింత తిప్పలంటే ఒక్క ఉదాహరణ చాలు. అనంతపురంలో ఆర్‌డీటీ అంటే పసిపిల్లాడైనా రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అంటాడు, విన్సెంట్ ఫెర్రర్ గారు గుర్తొస్తారు, బత్తలపల్లి ఆస్పత్రి గుర్తొస్తుంది. మలావీ క్లినిక్‌లో ఎవరైనా “ఆర్‌డీటీ పాజిటివ్” అని రాస్తే అది మలేరియాకు వేలి నుంచి తీసిన రక్తపు చుక్కతో చేసే తక్షణ పరీక్ష. మూడక్షరాలూ అవే. కొలతలూ అంతే. షుగరు మనకు 126 అంటే డెసిలీటరుకు మిల్లీగ్రాములు, అదే షుగరు ఇంకో మీటరు మీద 7 అని పడుతుంది, అది లీటరుకు మిల్లీమోల్స్. కొలత రాయని అంకె రికార్డు కాదు.

క్లౌడు గురించి. పెట్టొద్దనను, కానీ క్లినిక్ దానిమీద ఆధారపడకూడదు. అక్కడా మన ఎయిర్‌టెలే ఉంది, సిగ్నలు కూడా మన ఎయిర్‌టెల్ లాగే, వచ్చినప్పుడు వస్తుంది. కరెంటు కోతలు మామూలు. కాబట్టి సర్వరు క్లినిక్ లోపలే, చిన్న కంప్యూటరు, దానికి బ్యాటరీ, గోడల మధ్యే వైఫై. నెట్ ఉన్నప్పుడు బయటికి ఒక ప్రతి. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డు వాడతామని రాశారు, బాగానే ఉంటుంది గానీ ఒక దెబ్బ తిన్నాను, చెప్తా వినండి. ‘రాస్‌ప్‌బెర్రీ పై 4’ మోడల్ దాకా ఆ బోర్డుల్లో సొంత గడియారం లేదు. కరెంటు పోయి వచ్చాక నెట్ లేకపోతే, ఆగిపోయిన సమయం దగ్గర్నుంచే మళ్ళీ లెక్క మొదలుపెడుతుంది. రాత్రంతా కరెంటు లేకపోతే పొద్దున్న వచ్చిన పేషెంట్లందరూ నిన్న సాయంత్రం ఖాతాలో పడతారు. నేనిది గమనించేసరికి పది రోజుల డేటా అలా జరిగిపోయింది. చిన్న గడియారం చిప్పు, గుండీ బ్యాటరీ విడిగా దొరుకుతాయి, తగిలించండి. ‘పై 5’ మోడల్ అయితే గడియారం ఉంది, బ్యాటరీ మీరే పెట్టాలి. రోజూ మొదట లాగిన్ అయినవాళ్ళను ‘ఇవాళ తేదీ ఇదేనా’ అని యాప్ అడిగితే ఇంకా మంచిది.

రెండు స్క్రీన్ల మీద ఒకేసారి ఒకే పేషెంటు రికార్డు మార్చితే ఏం చేయాలో ఇప్పుడే తేల్చుకోండి. చివర రాసినదే ఉంచు అనే పద్ధతి ఫోన్ నంబరుకు పర్వాలేదు. అలర్జీల విషయంలో అది హత్యాయత్నం. ఆ పెన్సిలు గడిలో తప్ప పాత రాతను ఎప్పుడూ చెరపకండి, దాని కింద ఇంకో వరస చేర్చండి, ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో రాయండి. కాగితం మీద డాక్టరు తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెడతారు, కింద పాతది కనిపిస్తూనే ఉంటుంది. అదే పద్ధతి. మీరు బ్లాక్‌చెయిన్‌తో చేయాలనుకున్న పని నిజానికి ఇంతే, దీనికి డేటాబేసులో ఒక టేబులు చాలు.

బ్యాకప్ అనే మాటకు నాకు గుర్తొచ్చేది 2009 వరద తర్వాతి వారం. నీళ్ళు దిగాక మా వీధి చివర ఒక నర్సింగ్‌హోమ్ మిద్దె మీద తడిసిన కేస్‌షీట్లు ఒక్కొక్కటీ విడదీసి, ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టి ఆరబోశారు. సిరా అంతా నీలంగా కరిగిపోయింది. నలుగురు ఆయమ్మలు రెండు రోజులు ఆ పనే చేశారు. కంప్యూటరైతే ఆరబెట్టడానికి కూడా ఏమీ మిగలదు. వారానికొకసారి బ్యాకప్ తీయడం అందరూ చేస్తారు, దాన్ని వేరే మెషీన్‌లో తిరిగి తెరిచి చూసేవాళ్ళు తక్కువ. మీరు అప్పగించే రోజున అక్కడి మనిషి చేత, మీ చేత కాదు, ఒకసారి తెరిపించండి.

గోప్యత విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తాను. నిజమైన పేషెంట్ల వివరాలు ఒక్కటి కూడా అనంతపురానికి రాకూడదు. వాట్సాప్‌లో స్క్రీన్‌షాటు రూపంలో కూడా. మలావీలో హెచ్ఐవీ మన దేశం కంటే చాలా ఎక్కువ, మీ క్లినిక్ మందుల జాబితాలో ఆ మందులు ఉండొచ్చు. పల్లెటూళ్ళో ఒక మాట బయటికొస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన దేశంలో దీనికి 2017లో ప్రత్యేకంగా హెచ్ఐవీ చట్టమే వచ్చింది, 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది, మలావీకీ సొంత డేటా రక్షణ చట్టం ఉంది. పరీక్షలకు ఉత్తుత్తి పేషెంట్లను తయారుచేసుకోండి, ఆ కల్పిత పేర్లలో మద్దిలేటిలు నలుగురుండేలా చూసుకోండి. అలాగే కౌంటరు స్క్రీను ఎటు తిరిగి ఉంటుందో అడగండి. క్యూలో ఉన్నవాళ్ళకు కనిపిస్తుంటే మీ పాస్‌వర్డులన్నీ వృథా.

ఏఐ గురించి ఎక్కువ రాయను, దాని బదులు ఇది చేయండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లల జబ్బకు కట్టే రంగుల టేపు ఒకటుంటుంది. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే ఎరుపు, ఆ బిడ్డకు తీవ్రమైన పోషకాహార లోపం. ఆ అంకె నింపగానే స్క్రీను ఎర్రబడేలా చేయండి, పోయిన నెల కొలత పక్కనే చూపించండి. రెండు వరసల కోడు, నర్సు వెంటనే నమ్ముతుంది.

ఇక మీరు అడగనిది, అడగాల్సింది. మే నెలలో మీ చదువు అయిపోతుంది. జూన్‌లో మీలో ఇద్దరు బెంగళూరు బస్సెక్కుతారు, ఒకరు గేట్ కోచింగ్‌కు పోతారు. జూలైలో ఒక సోమవారం పొద్దున్న అక్కడ ప్రింటరు ఆగిపోతుంది. నర్సు ఎవరికి ఫోన్ చేయాలి? ఆ సంస్థలో కంప్యూటరు తెలిసిన మనిషి ఒక్కరైనా ఉన్నారా, ఉంటే ఇవాళ్టినుంచే మీ వారం వారం కాల్‌లో ఆ మనిషి ఉండాలి. లేకపోతే ఈ ప్రాజెక్టును తగ్గించుకోండి. రిజిస్ట్రేషను, లేబులు, బరువు, ఉష్ణోగ్రత, నెలాఖరు పట్టిక, అంతవరకే. మందుల స్టాకు, ల్యాబు, అపాయింట్‌మెంట్లు అన్నీ చేస్తామని ఒప్పుకోకండి. వాళ్ళు అడుగుతారు, అడిగేవాళ్ళకేం.

మొదటి అడుగుగా ఆ సంస్థవాళ్ళను వాళ్ళ ఓపీ రిజిస్టరులో ఒక పేజీ, నెలాఖరున పంపే పట్టిక ఒకటి ఫోటో తీసి పంపమనండి. పేర్ల గడిని కాగితంతో కప్పి తీయమనండి, ఇది మర్చిపోవద్దు. మార్జిన్లు మాత్రం కత్తిరించకుండా పంపమనండి. అవి వచ్చాక ఇక్కడే పెట్టండి, ఏ గడి ఉంచాలో ఏది తీసేయాలో కూర్చుని చూద్దాం. ఆదివారాలు నేను ఖాళీనే.